బెలీజ్‌లో గరిఫునా డ్రమ్ము, నాట్యం నేర్చుకోవాలంటే ఎక్కడ, ఎలా మొదలుపెట్టాలి?

శ్రీకర్, హ్యూస్టన్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను, నా భార్య వచ్చే నవంబరులో మధ్య అమెరికాలోని బెలీజ్ దేశానికి వెళ్లాలనుకుంటున్నాం. పగడపు దిబ్బలు, సముద్రస్నానాలు ఎలాగూ ఉంటాయి గాని, మా అసలు ఉద్దేశం అక్కడి గరిఫునా ప్రజల డ్రమ్ము వాద్యాన్నీ దానితోపాటు సాగే నాట్యాన్నీ కొంతవరకైనా పద్ధతిగా నేర్చుకోవడం. నేను విజయవాడలో చదువుకునే రోజుల్లో మృదంగం నేర్చుకున్నాను. కచేరీ స్థాయి కాకపోయినా, ఇక్కడ భజనలకూ పిల్లల నాట్య కార్యక్రమాలకూ వాయిస్తూ ఉంటాను. నా భార్యకు కూచిపూడిలో గట్టి శిక్షణే ఉంది. గరిఫునా గాయకుడు ఆండీ పలాసియో పాటలు విన్నప్పటినుంచి ఆ డ్రమ్ముల నడక ఇద్దరినీ పట్టుకుంది. ఆయన 2008 జనవరిలో చనిపోయారని తెలిసి, ఆ సంగీతాన్ని ఇప్పుడు ఎవరి దగ్గర కూర్చుని నేర్చుకోవచ్చోనని వెతకడం మొదలుపెట్టాను.

వెతికినకొద్దీ హోటళ్లలో పర్యాటకులకోసం ఏర్పాటు చేసే సాయంత్రపు ప్రదర్శనలే ఎక్కువగా కనిపిస్తున్నాయి. ఒక గంట డ్రమ్ము కొట్టించి, ఫోటో తీయించి పంపే తరగతి మాకు అక్కరలేదు. కొన్నిరోజులు ఒకేచోట ఉండి, ఒకే గురువు దగ్గర నేర్చుకునే వీలు ఉందా? మృదంగానికి సొల్లుకట్టు ఉన్నట్టు వారికి నోటితో చెప్పే పద్ధతి గాని, రాసుకునే పద్ధతి గాని ఉందా? నాట్యం, వాద్యం ఒకేచోట నేర్పుతారా? బయటివారు అడగకూడనివి, చూడకూడనివి ఏమైనా ఉంటే ముందే తెలుసుకుని వెళ్లాలని కూడా ఉంది. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

మాధవి, ఆస్టిన్

శ్రీకర్ గారూ, నేను హాప్కిన్స్‌లోనూ పుంటా గోర్డాలోనూ నేర్చుకున్నాను. ఆ అనుభవంతోనే చెబుతున్నాను. బెలీజ్‌లో గరిఫునా వారు ప్రధానంగా దక్షిణ తీరంలో ఉంటారు. డాంగ్రిగా పట్టణం, దానికి దిగువన హాప్కిన్స్, ప్లాసెన్సియా ద్వీపకల్పంలోని సీన్ బైట్, ఇంకా కింద పుంటా గోర్డా, చిట్టచివర పలాసియో పుట్టిన బరాంకో గ్రామం వస్తాయి. బయటివారికి పద్ధతిగా నేర్పే చోట్లుగా బాగా పేరున్నవి రెండు: హాప్కిన్స్ ఉత్తరపు కొసన ఉన్న లెబేహా డ్రమ్మింగ్ సెంటర్, పుంటా గోర్డాలోని వరాసా గరిఫునా డ్రమ్ స్కూల్. వెళ్లేముందు రెండింటికీ రాసి, మీరు ఎన్నాళ్లు ఉంటారో, ఏ మేరకు నేర్చుకోవాలనుకుంటున్నారో చెబితే, గంట తరగతికి బదులు రోజూ కూర్చునే ఏర్పాటు చేయమని అడగవచ్చు. అలా ముందుగా అడిగినవారిని అక్కడివారు పర్యాటకుల లెక్కలో కాకుండా విద్యార్థుల లెక్కలో చూస్తారు. నా సలహా అడిగితే, రెండు ఊళ్లు తిరగడం కన్నా ఒకేచోట ఉండిపోవడం మేలు. హాప్కిన్స్‌లో పర్యాటకుల తాకిడి ఎక్కువ, సౌకర్యాలూ ఎక్కువే. పుంటా గోర్డా దూరమే గాని, అక్కడ గురువుకు మీమీద పెట్టడానికి ఎక్కువ సమయం దొరుకుతుంది.

ఇక వాద్యం సంగతి. గరావూన్ అనే ఈ డ్రమ్మును మహాగని వంటి గట్టి చెక్క దుంగను లోపల తొలిచి చేస్తారు. పైన జింక తోలు గాని మేక తోలు గాని బిగిస్తారు. అడుగు తెరిచి ఉంటుంది. తోలుకు అడ్డంగా సన్నని లోహపు తీగలు, చాలాచోట్ల పాత గిటారు తీగలే, లాగి కట్టి ఉంటాయి. మీరు విన్న పాటల్లో ప్రతి దెబ్బ వెనకా వినిపించే ఆ ఝుమ్మనే రొద ఆ తీగలదే. కర్రలు వాడరు, అంతా వట్టి చేతులతోనే. ఇలాంటివి రెండు ఉంటాయి. పెద్దదీ మంద్రంగా పలికేదీ సెగుండా, చిన్నదీ పైస్థాయిలో పలికేదీ ప్రిమేరా. సెగుండా ఒకే నడకను పాట అయ్యేదాకా విడవకుండా నడిపిస్తుంది, ప్రిమేరా దానిమీద స్వేచ్ఛగా అల్లుకుంటూ పోతుంది. కొత్తవారిని ముందు సెగుండా దగ్గరే కూర్చోబెడతారు, మంచి గురువైతే చాలాకాలం అక్కడే కూర్చోబెడతారు. మృదంగం వచ్చినవారికి వెంటనే ప్రిమేరా మీదికి వెళ్లాలన్న ఆత్రం ఉంటుంది. మీకు చేతివేగం ఉంది కాబట్టి వెళ్లనిస్తారేమో కూడా. కాని సెగుండా నడక ఒంట్లోకి దిగకుండా ప్రిమేరా వాయిస్తే అది గరిఫునా వాద్యంగా వినిపించదు, అక్కడి పిల్లలు కూడా ముఖాముఖాలు చూసుకుంటారు.

తరగతి జరిగే తీరు చెబుతాను. పొట్టి స్టూలుమీద కూర్చుని, డ్రమ్మును మోకాళ్ల మధ్య పెట్టుకుని, అడుగు నేలకు పూర్తిగా ఆనకుండా కొంచెం వంచి పట్టుకోవాలి. అడుగు మూసుకుపోతే మంద్రం బయటికి రాదు. గురువు ఎదురుగా కూర్చుని ఒక నడక వాయిస్తారు, మీరు దాన్ని తిరిగి వాయిస్తారు. తప్పితే ఆగి వివరించరు. అదే నడకను మళ్లీ మొదటినుంచి, అంతే వేగంతో, మీ చేయి కుదిరేవరకు వాయిస్తూనే ఉంటారు. మధ్యమధ్య మీ మణికట్టు పట్టుకుని దెబ్బ పడాల్సిన చోటికి జరుపుతారు. అంచుమీద వేళ్లు పడితే తెరిచిన నాదం, మధ్యలో అరచేయి పడితే మంద్రం. రెంటికీ తేడా చెవితోనే పట్టుకోవాలి. సొల్లుకట్టు వంటి శాస్త్రం నాకెక్కడా కనిపించలేదు. గురువు ఒక్కోసారి నోటితో దరువు పలికి చూపించినా, అది ఆ క్షణానికి చేసిన సహాయమే. రాసుకునే పద్ధతి కూడా లేదు, కాబట్టి రాసుకోవద్దనే నా సలహా.

నాట్యం, వాద్యం ఒకేచోట నేర్పుతారా అని అడిగారు. విడిగా నేర్పడం కుదరదనే చెప్పాలి. పుంటా అనే గరిఫునా నాట్యం ఆడేటప్పుడు ప్రిమేరా వాయించేవారి కళ్లు నాట్యం చేసేవారి పాదాలమీద, నడుముమీద ఉంటాయి. నర్తకి వేసిన అడుగును వాయించేవారు డ్రమ్ముమీదికి తెస్తారు. కూచిపూడిలో నట్టువాంగం చెప్పిన జతికి పాదం పడితే, ఇక్కడ పాదం చెప్పినదానికి డ్రమ్ము పలుకుతుందని అనుకుంటే మీ ఇద్దరికీ సంగతి సులువుగా అర్థమవుతుంది. అందుచేత మీ భార్య ఆడుతుండగా మీరు వాయించడమే అసలు పాఠం అవుతుంది. ఆమెకు ఒక ఇబ్బంది ఎదురవుతుంది, ముందే చెబుతున్నాను. కూచిపూడిలో అలవాటైన అరమండి, చేతుల ముద్రలు, ముఖాభినయం ఏవీ ఇక్కడ పనికిరావు. పుంటాలో భుజాలూ ఛాతీ దాదాపు కదలవు, పాదాలు నేలను వదలకుండా వేళ్లమీద బరువు మార్చుకుంటూ వేగంగా జరుగుతుంటే, ఆ కదలిక నడుములోకి దానంతటదే వస్తుంది. కొత్తవారు నడుమును విడిగా ఊపడానికి ప్రయత్నిస్తారు, అది వెంటనే తెలిసిపోతుంది. ఇసుకలో చెప్పులు లేకుండా నేర్పేది అందుకే. పాదం సరిగా జరిగితే ఇసుకమీద దాని జాడ కనిపిస్తుంది, గురువు ఆ జాడ చూసే తప్పొప్పులు చెబుతారు.

పుంటా ఒక్కటే గరిఫునా నాట్యమని అనుకోకండి. వలయంగా తిరుగుతూ పాడుతూ ఆడే హుంగుహుంగు అన్నిటికన్నా నెమ్మదైనది, మొదలుపెట్టడానికి నాకు అదే నచ్చింది. గుంజేలో జతలు మారుతూ ఉంటాయి. చుంబా పాతకాలపు ఒంటరి నాట్యం, రోజువారీ పనులను అభినయించే తీరు అందులో ఉంటుంది కాబట్టి మీ భార్యకు బహుశా ఎక్కువగా నచ్చుతుంది. పరందా అనే పాటల తీరులో గిటారు చేరుతుంది. పుంటా గోర్డాకు చెందిన పాల్ నబోర్ అనే పెద్దాయన దానికి పేరుపొందారు. హోటళ్లలో వినిపించే పుంటా రాక్ మాత్రం వేరు. అది డాంగ్రిగాలో పెన్ కయెటానో వంటి కళాకారులు 1980 ప్రాంతంలో ఎలక్ట్రిక్ గిటారు చేర్చి తెచ్చిన రూపం. దాని తాబేటి చిప్పల చప్పుడు నాకిష్టమే గాని, మీరు నేర్చుకోవాలనుకున్నది అది కాదు.

విశ్వనాథం, రాజమహేంద్రవరం

శ్రీకర్ గారి చివరి ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు కాబట్టి రాస్తున్నాను. నేను మానవశాస్త్రం బోధించి విరమించినవాణ్ణి. కరీబియన్ ప్రాంతపు సమాజాలు నాకు చాలాకాలంగా ఆసక్తి ఉన్న విషయం.

అడగకూడనివి ఏవో తెలియాలంటే ఆ ప్రజల చరిత్ర కొంచెమైనా తెలిసి ఉండాలి. సెయింట్ విన్సెంట్ దీవిలోని కరిబ్, అరవాక్ మూలవాసులూ ఆఫ్రికా నుంచి వచ్చినవారూ కలిసి ఏర్పడిన జాతి ఇది. ఆ దీవిని వారు యురుమేన్ అంటారు. ఆంగ్లేయులతో పోరాడిన వారి నాయకుడు జోసెఫ్ చటోయే 1795 మార్చిలో చనిపోయాడు. ఓడిపోయినవారిని ఆంగ్లేయులు బాలిసో అనే చిన్న దీవిలో బంధించగా వారిలో సుమారు సగంమంది అక్కడే మరణించారు. మిగిలినవారిని ఓడలకెక్కించి 1797 ఏప్రిల్‌లో హోండురాస్‌కు దగ్గరలోని రోవతాన్ దీవిలో దింపేశారు. అక్కడినుంచి వారు హోండురాస్, గ్వాటెమాలా, బెలీజ్, నికరాగ్వా తీరాలకు పాకారు. అంత నష్టం తర్వాత కూడా భాష, పాట, డ్రమ్ము నిలబడ్డాయి. యునెస్కో 2001లో ఈ భాషనూ నాట్యాన్నీ సంగీతాన్నీ మౌఖిక వారసత్వపు కళాఖండంగా ప్రకటించి, 2008లో తన ప్రాతినిధ్య జాబితాలో చేర్చింది. జాబితాలో చేరినంతమాత్రాన ఏదీ బతకదన్నది నా అభిప్రాయం, పిల్లలకు నేర్పేవారు ఉంటేనే బతుకుతుంది. అందుకే మీవంటివారు వెళ్లి రుసుము చెల్లించి నేర్చుకోవడాన్ని నేను మంచి పనిగానే చూస్తాను.

ఇక హద్దుల మాట. వారి డ్రమ్ముకు వినోదపు ముఖం ఒకటి, పితృదేవతల ముఖం ఒకటి ఉన్నాయి. దూగూ అనే క్రతువు రెండవదానికి చెందుతుంది. కుటుంబంలో ఎవరికైనా జబ్బో ఆపదో వచ్చి, దానికి కారణం నిర్లక్ష్యానికి గురైన పూర్వీకులని బుయే అనే పూజారి చెప్పినప్పుడు, దూరదేశాల్లో ఉన్న బంధువులను కూడా పిలిపించి, దబుయాబా అనే పూర్వీకుల మందిరంలో కొన్నిరోజులపాటు అన్నపానాలు సమర్పిస్తూ ఆడిపాడతారు. దానికి నెలల తరబడి ఏర్పాట్లు చేస్తారు, ఖర్చు కూడా చిన్నది కాదు. అక్కడ మూడు డ్రమ్ములు మోగుతాయి. నడుమ ఉండేదాన్ని గుండె డ్రమ్ము అనే అర్థంలో లానిగి గరావూన్ అంటారు. ఆ దరువును నేర్పమని గాని, చూపించమని గాని, రికార్డు చేసుకుంటామని గాని అడగకండి. మన ఇళ్లలో ఆబ్దికం పెడుతుంటే దారినపోయేవారు వచ్చి మంత్రం నేర్పమని అడిగితే ఎలా ఉంటుందో ఆలోచిస్తే చాలు.

రెండవ సంగతి ఇంతకన్నా సున్నితమైనది, ఎందుకంటే ఇక్కడ గీత స్పష్టంగా ఉండదు. మీరు నేర్చుకోబోయే పుంటానే బెలూరియా అనే తొమ్మిదోనాటి జాగరణలో కూడా ఆడతారు. చనిపోయినవారికి వీడ్కోలు పలికే ఆ రాత్రి ప్రార్థనలు, కథలు, భోజనాలు, పాటలు అన్నీ ఉంటాయి. చావు ఇంట్లో నాట్యమేమిటని మనకు అనిపించవచ్చు గాని, వారికి అదే మర్యాద. ఊళ్లో అలాంటిది జరుగుతోందని తెలిస్తే, ఆ ఇంటివారో మీ గురువో స్వయంగా పిలిస్తే తప్ప వెళ్లకండి. పిలిస్తే వెళ్లి వెనక కూర్చోండి, ఫోను సంచిలోంచి తీయకండి. మీరు వాయించగలరని తెలిసినా, వాయించమని వారు అడిగేదాకా డ్రమ్ము వైపు చేయి చాపకండి.

ఇంకొకటి. అబేమహాని, అరుమహాని అనే పాటలు ఉన్నాయి. మొదటివి స్త్రీలవి, రెండవవి పురుషులవి. డ్రమ్ము లేకుండా వరసలో నిలబడి చేతులు పట్టుకుని పాడతారు. వాద్యం మీద ఆసక్తితో వెళ్లేవారు వీటిని పట్టించుకోకుండా వచ్చేస్తారు, అది పెద్ద లోటు. పాత పాటల్లో చాలావాటిని కట్టింది స్త్రీలే. కొడుకు పోయిన దుఃఖం, ఇల్లు తుఫానులో కొట్టుకుపోవడం, అత్తవారింటి మాటలు వంటి ఇంటి సంగతులే వాటిలో ఉంటాయి. మీ గురువు ఇంట్లో పెద్దావిడ ఎవరైనా ఉంటే, ఆమె పాడుతున్నప్పుడు దగ్గర కూర్చోండి.

కిరణ్, న్యూజెర్సీ

మాధవి గారు చెప్పినవాటిలో చాలావరకు ఒప్పుకుంటూనే ఒకటి రెండు విషయాల్లో విభేదిస్తున్నాను. నేను కూడా మృదంగం నుంచి ఇటు వచ్చినవాణ్ణే. న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో గరిఫునా జనాభా చాలా పెద్దది, అక్కడ హోండురాస్ కుటుంబాలకు చెందిన ఒక పెద్దాయన దగ్గర కూర్చుని నేర్చుకుంటున్నాను. లాస్ ఏంజెలెస్‌లోనూ మీ హ్యూస్టన్‌లోనూ కూడా ఈ సమాజం ఉంది. బెలీజ్ వెళ్లడానికి ముందే మీ ఊళ్లో వారి సంఘాల కార్యక్రమాలు ఎక్కడ జరుగుతాయో వెతికి, ఒకటి రెండు వారాంతాలు వెళ్లి వినండి. చెవికి నడక అలవాటైతే, అక్కడికి వెళ్లాక మొదటి రోజులు వృథా కావు.

రాసుకునే పద్ధతి లేదు కాబట్టి రాసుకోవద్దన్న మాటను నేను ఒప్పుకోను. గురువు ముందు కాగితం తీయవద్దు, అంతవరకు సరే. కాని గదికి తిరిగి వెళ్లాక మీకు తెలిసిన తాళ పరిభాషలో మీకోసం రాసుకోవడం మంచిది, మన బుర్రకు వేరే దారి తెలియదు. పుంటాలో సెగుండా నడక చతురశ్రంలో (నాలుగేసి లెక్కలో) ఉన్నట్టే నడుస్తుంటుంది, ప్రిమేరా దానిమీద తిశ్రంలో (మూడేసి లెక్కలో) పలుకుతూ, మళ్లీ సెగుండాతో కలుస్తూ, మళ్లీ విడిపోతూ ఉంటుంది. మనవారికి ఈ లెక్క కొత్త కాదు. హుంగుహుంగు నడక ఇంచుమించు పూర్తిగా తిశ్రమే. చిక్కు ఎక్కడ వస్తుందంటే, మనకు సమం మీద, అంటే తాళం మొదలయ్యే చోట, దెబ్బ గట్టిగా పడాలి, తీర్మానం అనే ముగింపు వరస దానిమీద వచ్చి వాలాలి. ఇక్కడ పాటకు ఎత్తుగడ, ముగింపు పాడేవారి చేతిలో ఉంటాయి. ఒకరు పాడితే మిగిలినవారు అందుకునే పాటలు కాబట్టి, నాయకురాలు మరో చరణం ఎత్తుకుంటే డ్రమ్ము అలాగే సాగాలి. మీరు ముచ్చటగా మూడుసార్లు మోరా (ముగింపు దరువు) వేసి ఆగితే, మీరొక్కరే ఆగినట్టు అవుతుంది.

చేతి సంగతి కూడా మాధవి గారు చెప్పినంత తేలిక కాదు. మృదంగంలో వేళ్లు విడివిడిగా పనిచేయడం మన బలం. గరావూన్‌కు అది అక్కరలేదు. వేళ్లు నాలుగూ దగ్గరగా చేర్చి, మణికట్టు నుంచి కాక మోచేతి నుంచి బరువు దింపాలి. మృదంగం ఎడమవైపైన తొప్పి అలవాటుతో ఎడమచేతిని మెత్తగా ఉంచితే సెగుండా పలకదు, రెండు చేతులకూ సమానమైన బరువు రావాలి. మొదటి రోజుల్లో వేళ్ల మొదళ్లు వాస్తాయి. మా పెద్దాయన నా చేతులు చూసి, పగలు వాయించినవాడు సాయంత్రం సముద్రంలో ముంచుకోవాలని చెప్పారు. బ్రాంక్స్‌లో సముద్రం ఎక్కడ తెచ్చేదని అడిగితే నవ్వి, ఉప్పునీళ్ల బేసిన్ చూపించారు.

వనరాగువా గురించి ఎవరూ రాయలేదు. జంకును అని కూడా అనే ఈ ముసుగు నాట్యం క్రిస్మస్ నుంచి జనవరి మొదటివారం వరకు ఊరిలో ఇంటింటికీ తిరుగుతూ సాగుతుంది. నర్తకులు తెల్లటి ముఖం గీసిన జల్లెడ ముసుగులు, ఈకలతోనూ రిబ్బన్లతోనూ చేసిన కిరీటాలు పెట్టుకుని, మోకాళ్లకు గవ్వల గజ్జెలు కట్టుకుంటారు. ఆంగ్లేయ దొరలను వెక్కిరించే నాట్యంగా దీన్ని వివరిస్తారు. డ్రమ్ము నేర్చుకునేవారు దీన్ని తప్పక చూడాలి, ఎందుకంటే నర్తకుడి మోకాలి గజ్జెల చప్పుడును ప్రిమేరా ఒక్క క్షణం ఆలస్యం లేకుండా అనుకరించాలి. నర్తకుడు కావాలని తడబడినట్టు నటించి వాయించేవారిని పరీక్షిస్తాడు కూడా. అందువల్ల నన్నడిగితే మీరు నవంబరు మానుకుని డిసెంబరు చివర వెళ్లడం మంచిది.

శ్రీకర్, హ్యూస్టన్

మాధవి గారికి, విశ్వనాథం గారికి, కిరణ్ గారికి ధన్యవాదాలు. ఇంత వివరంగా జవాబులు వస్తాయని అనుకోలేదు. తొమ్మిదోనాటి జాగరణ సంగతి మాకు అసలు తెలియదు. డ్రమ్ము కనబడితే చాలు చేయి పెట్టే అలవాటు నాకు ఉంది కాబట్టి విశ్వనాథం గారి మాట గట్టిగా గుర్తుపెట్టుకుంటాను. మేము నవంబరు అనుకోవడానికి కారణం 19వ తేదీన జరిగే గరిఫునా సెటిల్‌మెంట్ డే. కిరణ్ గారు డిసెంబరు అంటున్నారు. సెలవుల దృష్ట్యా రెండూ కుదరవు, ఏది ఎంచుకోవాలో మాధవి గారు కూడా చెబితే బాగుంటుంది. నా భార్య శాకాహారి, అక్కడ తిండి ఇబ్బంది అవుతుందా? వచ్చేటప్పుడు ఒక సెగుండా కొనుక్కుని తెచ్చుకోవచ్చా?

మాధవి, ఆస్టిన్

శ్రీకర్ గారూ, పంతొమ్మిదో తేదీ ఉత్సవాన్ని చూడటానికీ, పద్ధతిగా నేర్చుకోవడానికీ ఒకే వారం సరిపోదు. థామస్ విన్సెంట్ రామోస్ అనే నాయకుడి చొరవతో 1941లో మొదలై, 1977 నుంచి దేశమంతటికీ సెలవుదినమైన రోజు అది. 1832లో గరిఫునా వారు బెలీజ్ తీరానికి చేరిన ఘట్టాన్ని తెల్లవారుజామున పడవల్లో వచ్చి, జెండాలతో, డ్రమ్ములతో మళ్లీ ఆడి చూపిస్తారు. డాంగ్రిగాలో నది సముద్రంలో కలిసేచోట జనం చీకటితోనే చేరి ఎదురుచూస్తారు. అక్కడినుంచి ఊరేగింపుగా చర్చికి వెళతారు. ముందురోజు రాత్రంతా ఊళ్లో ఏదో ఒక మూల డ్రమ్ము మోగుతూనే ఉంటుంది. చూడదగ్గదే, అనుమానం లేదు. అయితే ఆ వారంలో వాయించగలిగిన ప్రతి మనిషికీ నాలుగు చోట్ల పని ఉంటుంది. పుంటా గోర్డాలో ఆ రోజుల్లోనే డ్రమ్ము బృందాల పోటీ కూడా జరుగుతుంది. ఏ గురువుకైనా మీకోసం రోజూ కూర్చునే తీరిక ఉండదు, గదులు కూడా దొరకవు. కాబట్టి నవంబరులోనే వెళ్లేటట్లయితే ఉత్సవానికి ముందు కాకుండా, ఉత్సవం రోజుకు చేరుకుని, ఆ తర్వాతి రోజులను పాఠాలకు పెట్టుకోండి. అప్పటికి ఊరు నెమ్మదిస్తుంది, మీరు విన్నదాన్ని గురువుతో మాట్లాడటానికి సందర్భమూ ఉంటుంది. కిరణ్ గారి డిసెంబరు సలహా మంచిదే గాని, అప్పుడు హోటళ్ల ధరలు ఎక్కువ, వనరాగువా వాయించేవారు కూడా తీరిగ్గా ఉండరు. నిజానికి నేర్చుకోవడం ఒక్కటే లక్ష్యమైతే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు ఉండే పొడి వాతావరణమే అన్నిటికన్నా అనుకూలం.

శాకాహారం సంగతి కొంచెం కష్టం, అసాధ్యం మాత్రం కాదు. వారి ప్రధాన వంటకం హుదుత్. పచ్చి అరటికాయలనూ కొంచెం పండినవాటినీ ఉడకబెట్టి, పెద్ద కర్ర రోట్లో రోకలితో దంచి ముద్దచేసి, కొబ్బరిపాలలో ఉడికిన చేపల పులుసుతో తింటారు. చేప లేకుండా కొబ్బరిపాల పులుసు ఒక్కటే కావాలని ముందే చెబితే చేసిపెడతారు, ఆశ్చర్యంగా చూస్తారంతే. ఎరెబా అనేది కర్రపెండలం తురిమి, పాము ఆకారంలో అల్లిన పొడవాటి తట్టలో పిండి, విషపు రసం తీసేసి కాల్చే పలుచని రొట్టె. ఎన్నాళ్లైనా నిలవ ఉంటుంది. కొబ్బరిపాలతో వండిన చిక్కుడుగింజల అన్నం దేశమంతటా దొరుకుతుంది, అయితే అందులో మాంసం కలిపారేమో అడిగి తీసుకోవాలి. ఊరగాయ సీసా ఒకటి పట్టుకెళ్లండి.

ప్రయాణం మీకు తేలికే. హ్యూస్టన్ నుంచి బెలీజ్ సిటీకి నేరుగా విమానం ఉంది, సుమారు మూడు గంటలు. అక్కడినుంచి డాంగ్రిగాకు బెల్మోపాన్ మీదుగా కొండల మధ్యనుంచి వెళ్లే హమ్మింగ్‌బర్డ్ రహదారిలో బస్సులు నడుస్తాయి, పుంటా గోర్డాకైతే చిన్న విమానం ఎక్కితే ఒంటికి మంచిది. దేశపు అధికార భాష ఇంగ్లీషే కాబట్టి మాట్లాడటానికి చిక్కు లేదు. అయినా పొద్దున్నే గురువు ఇంటికి వెళ్లినప్పుడు బుయిటి బినాఫి అని పలకరించండి, పాఠం అయ్యాక సెరెమే అని ధన్యవాదాలు చెప్పండి. వారి పిల్లలే ఇంగ్లీషుకూ, అక్కడి వాడుకభాషైన క్రియోల్‌కూ మారిపోతున్న రోజుల్లో, బయటినుంచి వచ్చినవారు ఆ రెండు మాటలు నేర్చుకుని రావడం పెద్దవారికి ఎంత నచ్చుతుందో మీరే చూస్తారు. రుసుము విషయంలో బేరం ఆడకండి. పాఠానికి ఎంతో మొదటిరోజే అడిగి, అడిగినంత ఇవ్వండి. మీ భార్యకు నాట్యం చూపించడానికి వచ్చే అమ్మాయికి విడిగా ఇవ్వాలి, ఆ సంగతి చాలామంది మరచిపోతారు.

కిరణ్, న్యూజెర్సీ

డ్రమ్ము కొనడం గురించి నేను చెబుతాను. పర్యాటకుల దుకాణాల్లో జెండా రంగులైన పసుపు, తెలుపు, నలుపు వేసి అమ్మే చిన్న డ్రమ్ములు అలమరలో పెట్టుకోవడానికి బాగుంటాయి, వాయించడానికి పనికిరావు. మీ గురువునే అడిగితే డాంగ్రిగాలోనో తన ఊళ్లోనో చేసేవారి దగ్గరికి తీసుకువెళతారు. వెళ్లిన మొదటిరోజే చెప్పి పెట్టడం మంచిది, ఎందుకంటే తొలిచిన చెక్క సిద్ధంగా ఉన్నా తోలు నానబెట్టి, బిగించి, ఆరనివ్వడానికి సమయం పడుతుంది. కొనేముందు లోపలికి చేయి పెట్టి గోడ మందం అన్నివైపులా సమానంగా ఉందో లేదో తడిమి చూడండి, అంచుదగ్గర పగుళ్లు ఉన్నాయేమో చూడండి. తోలును పట్టి ఉంచే తాళ్లకు చిన్న కర్రముక్కలు దూర్చి ఉంటాయి. వాటిని మెలితిప్పితే తాడు బిగిసి శృతి పెరుగుతుంది. మృదంగానికి రాయీ పుల్లా పట్టుకుని కొట్టే అలవాటుతో దీన్ని కొట్టకండి, మెలితిప్పడమే. సముద్రపు తేమకు సాయంత్రానికి తోలు వదులైపోతుంది కాబట్టి, వాయించేముందు కాసేపు ఎండలో పెడతారు. హ్యూస్టన్ తేమలో మీకు కూడా అదే అవస్థ ఉంటుంది.

జింక తోలు వేసిన డ్రమ్ము పలుకు బాగుంటుందని కొందరు అంటారు. అయినా అమెరికాకు తెచ్చుకునేవారు మేక తోలు వేయించుకోవడమే క్షేమం. అడవి జంతువుల తోలు మీద ప్రశ్నలు ఎక్కువ వస్తాయి. మేక తోలైనా విమానాశ్రయంలో జంతు ఉత్పత్తిగా తప్పనిసరిగా ప్రకటించాలి. వెంట్రుకలు పూర్తిగా తీసి, బాగా ఎండి, వాసన లేకుండా ఉండాలి. చేసినవారి దగ్గర తోలు ఏ జంతువుదో, చెక్క ఏ చెట్టుదో రాసిన రసీదు ఒకటి అడిగి తీసుకోండి. పెద్ద సెగుండా చేతిసామానుగా ఒప్పుకోరు. తాళ్లు కొంచెం వదులుచేసి, లోపల బట్టలు కూరి, తోలుమీద అట్ట పెట్టి సామానులో వేస్తే చెక్కుచెదరకుండా చేరుతుంది.